త్రిశూలంలోంచి తీసిన నాలుగు గొట్టాలు

మా ఇంట్లో మాటకంటే చెయ్యి ముందు లేచేది. బందరు చేపల మార్కెట్లో గంప దించుకునే చోటు కోసం మా అమ్మ ఒకావిడని జుట్టు పట్టుకుని మెట్ల మీదినుంచి కిందిదాకా ఈడ్చింది. చిన్నప్పుడు నేను ఆ సంగతి స్కూల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇక మా అన్నయ్య సంగతి చెప్పక్కర్లేదు. డిగ్రీ చదవడానికి నేను నాగాయలంకలో బందరు బస్సెక్కిన మొదటి వారంలోనే, చేపలు పట్టేవాళ్ళ పిల్లకి ఫిజిక్సెందుకు, బస్సులో ఎవడి పక్కన కూర్చోడానికి, అని మా ఊరివాడే ఒకడు రేవులో నలుగురి ముందూ అన్నాడు. అన్నయ్య వాడి తల పట్టుకుని పడవ అంచుకేసి కొట్టాడు. రెండు పళ్ళు ఊడి బురదలో పడ్డాయి. ఆ తర్వాత నా చదువు గురించి ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు. నేను ఎమ్మెస్సీ దాకా చదివానంటే అందులో సగం నా తెలివి, సగం అన్నయ్య పిడికిలి. అప్పట్లో నేను దాన్ని మోటుతనం అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా మరి.

మాది దివిసీమ చివర, కృష్ణానది సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉన్న పల్లె. నాకు పదేళ్ళప్పుడు నాన్న ఆ మొగలోనే పోయాడు. చీకటి పడే వేళకి పడవ తిరిగొస్తోంది. నాన్న చేతిలో టార్చిలైటుంది గానీ అందులో బ్యాటరీలు ఉప్పునీళ్ళు తాగి చచ్చాయి. ఎదురొచ్చిన మరబోటుకి మా పడవ కనిపించలేదు, మీదినుంచి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. అన్నయ్య ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. నాన్న రెండు రోజుల తర్వాత వచ్చాడు. దినాలయ్యాక నేను ఆ టార్చిలోని బ్యాటరీలు తీసి, రోకలిబండతో నల్లటి పొడి అయ్యేదాకా దంచాను. అమ్మ వచ్చి ఆ పొడి ఊడ్చి పారేసింది.

ఆ కోపం నన్ను వదల్లేదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పాత పత్రికలో అణు బ్యాటరీల గురించి చదివాను. రేడియోధార్మిక పదార్థంలో పరమాణువులు వాటంతటవే విరిగిపోతుంటాయి. విరిగిన ప్రతిసారీ ఒక కణం తూటాలా బయటికి దూసుకొస్తుంది. ఆ దెబ్బని ఒడిసిపట్టి కరెంటు చేస్తారు. అంతరిక్షంలోకి పంపే యంత్రాల్లో పెడతారట, ఒకప్పుడు గుండె ఆడించే పరికరాల్లో కూడా పెట్టారట. ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, చార్జింగ్ అక్కర్లేదు, ఉప్పునీళ్ళు దాన్నేమీ చెయ్యలేవు. లోపల జరిగేదంతా విధ్వంసం, బయటికొచ్చేది నిలకడైన కరెంటు. మా ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు వెంటనే నచ్చింది. మా అన్నయ్య పడవకి చావులేని దీపం ఒకటి చెయ్యాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. అమ్మతో ఏదో బ్యాటరీ అన్నాను గానీ, అది తన పడవకని అన్నయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్తే అర్థమవుతుందా అనుకున్నాను.

గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరాక నోటుపుస్తకాల నిండా డిజైన్లు గీశాను. కానీ బ్యాటరీకి ప్రాణమైన పదార్థం నాకెవరిస్తారు? ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాశాను. కుదరదని మర్యాదగా జవాబులొచ్చాయి. ఇప్పుడాలోచిస్తే వాళ్ళు చేసిందే సరి. అప్పుడు మాత్రం ప్రతి ఉత్తరాన్నీ నాలుగు ముక్కలుగా చింపాను. ఆ ఎండాకాలం ఎడారిలో అణుబాంబు పరీక్షలు చేశారని స్టాఫ్ రూములో మిఠాయిలు పంచారు. మా హెడ్డు లడ్డు నములుతూ, నేను కూడా మా పల్లెలో ఒకటి పేలిస్తే చేపలు ఉడికినవే దొరుకుతాయి కదా అన్నారు. అందరూ నవ్వారు. నా చేతిలో ఉన్న చెక్క డస్టరు విసిరాను. ఆయన నుదురు చిట్లి, రక్తం కళ్ళజోడు మీదికి కారింది. క్షమాపణ రాసిచ్చాను. ఆ ఊళ్ళో ప్రాక్టికల్స్ చేయించే మనిషి ఇంకొకరు దొరక్క నన్ను ఉంచుకున్నారు. నేను రాసిన క్షమాపణలో ఒక్క అక్షరం కూడా మనస్ఫూర్తిగా రాయలేదు.

ఆ ఏడే దసరా సెలవులకి ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికి ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, అమ్మవారి దీపం.

మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. వలలో చేప కానిది ఏం పడినా అది గంగమ్మది. సీసా అయినా, తాడు ముక్కయినా, ఓడ సామానైనా ముందు గంగమ్మ గది గుమ్మంలో పెట్టాలి. పెద్దలు చూసి, అమ్మకి అక్కర్లేదంటేనే అది దొరికినవాడిది. చెప్పకుండా దాచుకుంటే వాడి వల తగలబెడతారు, పడవని ఒక కారు, అంటే ఆరు నెలలు, ఒడ్డునే ఉంచుతారు. మొగ బయట అన్నయ్య వలలో మూరెడు పొడుగున్న ఒక ప్లాస్టిక్ పలక పడింది. దాని మీద నాలుగు ఆకుపచ్చని గుర్తులు నూనె లేకుండా, వత్తి లేకుండా, బ్యాటరీ లేకుండా వెలుగుతున్నాయి. నీళ్ళలో ఎన్నాళ్ళుందో తెలీదు, అయినా ఆరలేదు. అన్నయ్య దాన్ని తలమీద పెట్టుకుని తీసుకెళ్ళి గంగమ్మ ముందు పెట్టాడు. పెద్దలు చూశారు, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. దీపాన్ని తెచ్చినవాడని ఊరంతా అన్నయ్యని పొగిడింది.

గంగమ్మ గదికి కిటికీల్లేవు. పట్టపగలు కూడా లోపల చీకటే. నేను వెళ్ళి చూశాను. ఊరివాళ్ళు ఆ గుర్తుల్ని ఒక్కొక్కటిగా చూపించి చెప్పారు. మొదటిది పక్కకి వాలిన అమ్మ త్రిశూలం. రెండోది అడ్డంగా పెట్టిన రెండు కత్తులు. మూడోది దండం. నాలుగోది గొడుగు. నాకు మాత్రం పసుపు కింద ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. ఎగ్జిట్. ఓడల్లో బయటికి దారి చూపించే బోర్డు అది. లోపల సన్నని గాజు గొట్టాలుంటాయి. వాటిలో ట్రిటియం అనే వాయువు ఉంటుంది, రేడియోధార్మికమైనది. అది విరిగిపోతూ విసిరే కణాలు గొట్టం లోపలి పూతకి తగిలి వెలుగు పుడుతుంది. గాజు పగలనంత కాలం ఎవరికీ ఏమీ కాదు.

ఆ గుర్తుల ముందు నేను చేతులు జోడించి నిలబడిపోయాను. దేశంలో ఎవరూ ఇవ్వనన్న పదార్థం పసుపు రాసుకుని మా ఊరి గదిలో కూర్చుంది. అది భక్తి కాదు, ఆశ. పచ్చి ఆశ.

ఇక్కడే నా తెలివితక్కువతనం గురించి చెప్పాలి. మా ఊళ్ళో పెద్దవాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు, నాలుగు అక్షరాల్లో ఒకటి ఆరిపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. చదవడం రానివాళ్ళకి చూడడం కూడా రాదనుకున్నాను. మొదటి అక్షరంలో నాలుగు గొట్టాలున్నాయి, నిలువుగా పొడుగుది ఒకటి, అడ్డంగా పొట్టివి మూడు. నా డిజైనుకి అన్నీ తిన్నగా ఉన్నవే కావాలి. కాబట్టి అదే తియ్యాలనుకున్నాను. మగవాళ్ళంతా సముద్రం మీదికి, ఆడవాళ్ళంతా రేవులో చేపల వేలంపాటకి వెళ్ళిన మిట్టమధ్యాహ్నం, ఇంట్లో ఉన్న అన్నయ్య ఇంజన్ పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని గదిలోకి వెళ్ళాను. పావుగంట పట్టింది. గొట్టాల్ని దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టాను. పలకని మళ్ళీ బిగించాను. స్క్రూడ్రైవరు ఎక్కడిదక్కడ పెట్టేసి, సాయంత్రం బస్సుకి గుడివాడ వెళ్ళిపోయాను.

తర్వాతి తొమ్మిది రోజులు నేను బతికినంత గట్టిగా మళ్ళీ బతకలేదు. అద్దెగదిలో కిందే కూర్చుని, ఎండతో పనిచేసే చిన్న క్యాలిక్యులేటర్లు ఆరు సుత్తితో పగలగొట్టాను. వాటి నుదుటి మీది నల్లటి పలకలు, వెలుగుని కరెంటు చేసేవి, నాక్కావాలి. మూడు పలకలు నా మోటుచేతికి పగిలిపోయాయి, గోడకేసి కొట్టాను. డిగ్రీ ఆఖరి ఏడాది బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు పనిచేసేవాళ్ళింట్లో అద్దెకున్నాను, వాళ్ళ దగ్గర వెంట్రుకంత తీగని అతకడం నేర్చుకున్నాను. వాళ్ళిచ్చిన మెరుగుపెట్టిన రేకు ముక్కల్ని గొట్టాల చుట్టూ అద్దాల్లా నిలబెట్టాను, ఒక్క రవ్వ వెలుగు కూడా పక్కకి పోకుండా. గొట్టాలకి అటూ ఇటూ నల్ల పలకలు పెట్టి, బంకతో అతికించి, వచ్చే కాస్త కరెంటునీ కెపాసిటరులోకి పంపాను. అది నిండిన ప్రతిసారీ ఒక ఎర్ర బల్బు మినుక్కుమనాలి.

మొదటిసారి వెలిగినప్పుడు నేను పెట్టిన కేకకి ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందా అని ఇద్దరం గడియారం చూస్తూ కూర్చున్నాం. ఏడు నిమిషాలు పట్టింది. ఇంతేనా అమ్మా, అందావిడ. ఆవిడని కొట్టాలనిపించింది. కానీ అడిగింది నిజమే. గంగమ్మ గదిలోని పలకని ఉన్నదున్నట్టు పడవకి కట్టి ఉంటే దీనికి వందరెట్లు వెలుగొచ్చేది. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా, నేను చేసింది కాబట్టి ఆ మినుకే గొప్పగా కనిపించింది.

పదో రోజు రెండో పీరియడ్లో మా అమ్మ తరగతి గదిలోకి వచ్చింది. చంకలో ఖాళీ గంప, కాళ్ళనిండా బురద. యాభైమంది పిల్లల ముందు తిన్నగా నా దగ్గరికొచ్చి చెంప మీద కొట్టింది. సుద్దముక్క చేతిలోంచి ఎగిరిపోయింది. ఇంకో చెంప మీద కూడా కొట్టింది.

"మీ అన్న చెయ్యి ఇరిచారే," అంది. "నీ బ్యాటరీ ఎలిగిందా?"

గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా బస్సులో అమ్మ చెప్తూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. నేను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే దీపం పెట్టడానికెళ్ళిన ముసలావిడ ఒక్క చూపులో కనిపెట్టింది, గంగమ్మ త్రిశూలం ఆరిపోయింది. ఊరంతా గుమిగూడింది. గొడుగు ఆరినా కత్తులు ఆరినా ఏమనుకునేవాళ్ళో గానీ, త్రిశూలం లేకుండా ఎవరూ సముద్రం మీదికి వెళ్ళనన్నారు. మూడో రోజుకి కూడా పడవలు కదల్లేదు. స్క్రూలు ఊడదీసిన గీతలు కనిపించాయి కాబట్టి ఇది మనిషి పనేనని ఊరిపెద్ద తేల్చాడు. ప్రతి పడవ యజమానీ తడిబట్టలతో గంగమ్మ ముందు నిలబడి, నేను తియ్యలేదు, తీసినవాడెవడో నాకు తెలీదు, అని ప్రమాణం చెయ్యాలన్నాడు.

అందరూ చేశారు. మా అన్నయ్య వంతు వచ్చింది. ఆ పొద్దున్నే ఇంజన్ పెట్టెలో స్క్రూడ్రైవరు చూశాడు. దాని మొనకి పసుపుంది. నేను తుడవలేదు. తడిబట్టలతో నిలబడ్డ అన్నయ్య నోరు తెరవలేదు. తెలీదని అబద్ధం ప్రమాణం చెయ్యలేడు, తెలుసని నా పేరు చెప్పలేడు. మా కట్టుబాటులో ప్రమాణం చెయ్యనివాడే దొంగ. దీపాన్ని తెచ్చినవాడే దాని త్రిశూలాన్ని అమ్ముకున్నాడని అరిచారు. వలలారేసే గుంజకి కట్టేశారు. మొదటి దెబ్బ ఊరిపెద్దే కొట్టాడు, తర్వాత ఊరంతా కొట్టింది, ఒకప్పుడు పళ్ళు పోగొట్టుకున్నవాడు తెడ్డు తిరగేసి మరీ కొట్టాడు. కుడి మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. కళ్ళముందే వల తగలబెట్టారు. పడవని ఒడ్డు మీదికి లాగేశారు. నాకు తెలియనివ్వొద్దని అన్నయ్య అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడట. అమ్మ ఆ ఒట్టు వారం రోజులే మొయ్యగలిగింది.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అన్నయ్య మంచం మీద ఉన్నాడు, చేతికి వెదురుబద్దల కట్టు. మొహం ఒక పక్క నల్లగా వాచిపోయి ఉంది. నన్ను చూసి, కాలేజీ లేదా, ఎందుకొచ్చావు, అని మాత్రం అడిగాడు. బయల్దేరేముందు గదిలోంచి తెచ్చుకున్న బ్యాటరీ డబ్బా పట్టుకుని నేను రేవుకి నడిచాను.

ఊరిపెద్ద బోర్లించిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. వరసకి పెదనాన్న అవుతాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. తీసింది నేనని చెప్పాను. తీసి ఏం చేశానో చెప్పాను. డబ్బా తెరిచి చూపించాను. సరిగ్గా అప్పుడే ఎర్ర బల్బు ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది. నన్ను కట్టేసి కొట్టండి, అన్నయ్య పడవ వదలండి అన్నాను.

"ఒక దొంగతనానికి రెండుసార్లు కొట్టరమ్మాయ్," అన్నాడు పెదనాన్న. "మీ అన్న తినేశాడు. ఇంక నువ్వెల్లిపో."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. కొడితే పోయేది. ఇసుకలో ఉన్న తెడ్డు తీసి ముసలాయన భుజం మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక పలికిన చప్పుడు చేతుల్లోకి తెలిసింది. అంతే, జనం మీద పడ్డారు. జుట్టు పట్టుకుని లాగారు, డొక్కలో తన్నారు, నోట్లోకి ఇసుక పోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ దెబ్బలు పడుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఎవరి కాలో డబ్బా మీద పడింది. లోపల గాజు పుటుక్కుమంది.

చిన్నపిల్లల్ని తీసుకుని గాలికి ఎదురు వెళ్ళండని అరిచాను. ఆ గొంతులో ఏం వినిపించిందో గానీ అందరూ ఆగిపోయారు. డబ్బా తీసి, గాలి పోయే వైపు దూరంగా పెట్టి వచ్చాను. సముద్రపు గాలికి ఆ కాస్త వాయువూ క్షణాల్లో కొట్టుకుపోతుందని, ఇక భయం లేదని చెప్పాను. ఇది బాంబుల జాతి పదార్థమా అని ఎవరో అడిగారు. ఆ ఎండాకాలం ఆ మాట ఊరూరా తిరిగింది కదా. బాంబు కాదు గానీ అణువుల పనేనని, గాజు పగిలితే లోపలిది గదిలో పీల్చకూడదని చెప్పాల్సొచ్చింది.

పెదనాన్న భుజం పట్టుకుని లేచి నా ఎదురుగా వచ్చాడు.

"మా ఆడోళ్ళు రోజూ దానికి పసుపు రాత్తన్నారు. పిల్లల్ని ఎత్తుకుని మొక్కిత్తన్నారు. ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

చెప్తే ఆ పలక నాకు దక్కదని చెప్పలేదు. అంతకు మించి కారణం లేదు. ఆ మాట బయటికి అనలేక తల వంచుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా కాళ్ళ ముందు ఇసుకలో ఉమ్మేసి వెళ్ళిపోయాడు. జీవితంలో నేను తిన్న దెబ్బలన్నిటిలో గట్టిది అదే.

మర్నాడు పొద్దున్న ఊరంతా చూస్తుండగా, అదే స్క్రూడ్రైవరుతో గొట్టాలు తిరిగి పెట్టాను. మూడే మిగిలాయి. పగిలింది త్రిశూలం నడిమి మొన. దీపాన్ని అద్దాల పెట్టెలో ఉంచాలని, ముట్టుకోకూడదని, పగిలితే తలుపులు తీసి బయటికి వచ్చేయాలని చెప్పాను. విన్నారు. గంగమ్మకి రెండు మొనల త్రిశూలమే ఉండిపోయింది. పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాయి, ఒక్క మా పడవ తప్ప.

కారు గడిచాక మా పడవని వదిలారు గానీ అన్నయ్య చెయ్యి ఇంక తిన్నగా సాగలేదు. వల లాగలేని మనిషికి పడవెందుకని అమ్మేశాడు. నాగాయలంక దగ్గర ఎవరిదో రొయ్యల చెరువుకి కాపలాగా చేరాడు. సముద్రంలోనే పుట్టినట్టుండే మనిషి, మోకాలిలోతు నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. నేను గుడివాడలోనే ఉండిపోయాను. డిజైన్లు గీయడం మానలేదు. ఏది ఎంత కరెంటిస్తుందో కాగితం మీద వేసుకుని పుస్తకం మూసేస్తాను. ట్రిటియం పన్నెండేళ్ళకి సగమైపోతుంది. ఊరెళ్ళినప్పుడల్లా గంగమ్మ గదిలోకి తొంగిచూస్తాను. దీపం ఏడాదికేడాది మసకబారుతోంది. గంగమ్మ కూడా ముసల్దవుతోందని ఊళ్ళోవాళ్ళు మామూలుగా అంటారు.

పదేళ్ళ పాటు అన్నయ్య ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చెరువు గట్టు మీద గుడిసెలో నేను తెచ్చిన అన్నం తింటూ, ఎడమచేత్తో ముద్ద కలుపుతూ, ఉన్నట్టుండి అడిగాడు. ఇంతకీ అది దేనికి చేశావు, అని. నీ పడవకే అన్నాను. నాన్న టార్చి ఆరిపోయింది కదా, నీది ఎప్పటికీ ఆరకూడదని చేశాను అన్నాను.

అన్నయ్య తినడం ఆపేశాడు.

"ముందే చెప్తే నేనే అడిగి తెచ్చిచ్చేవోణ్ణి గదే," అన్నాడు. "ఇవ్వకపోతే నేనే తీసేవోణ్ణి. ఆ తన్నులేవో ఎందుకో తెలిసి తినేవోణ్ణి."

నేను గుడిసె రాటకి తల ఆన్చుకుని ఏడ్చాను. అన్నయ్య చెయ్యి కడుక్కుని, మేత బస్తా ఎడమ భుజం మీదికి ఎత్తుకుని, చెరువు అవతలి వైపుకి వెళ్ళాడు.